పెళ్లి ఆల్బమ్‌కీ వాలరెంట్‌కీ ఒకే మానిటర్: ఏది చూసి కొనాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. శ్రీకాకుళంలో మీ స్టూడియోలో ఉన్నది ఒకటే కంప్యూటర్. పగలు దాని మీద మీ అన్నయ్య పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాడు, రాత్రి నువ్వు వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకి ఆటలు ఆడతావు. లోపల రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. పాత 22 అంగుళాల మానిటర్ మార్చడానికి 25 వేలు పక్కన పెట్టారు. ఈమధ్య ఆల్బమ్‌లలో మొహాలు ఎర్రగా, చీకటిగా పడుతున్నాయని పెళ్లివాళ్లు గొడవ చేశారు. షాపాయన మాత్రం "గేమింగ్‌దైతే అన్నిటికీ పనికొస్తది బాబూ" అంటున్నాడు. ఆ మాట నమ్మొచ్చా అని.

సగం నమ్మొచ్చు. ఇప్పుడొస్తున్న గేమింగ్ మానిటర్లలో రెండు పనులకీ సరిపోయేవి నిజంగానే ఉన్నాయి, మీ డబ్బుకే దొరుకుతాయి. కానీ డబ్బాలోంచి తీసి పెట్టి అలాగే వాడేస్తే మీ అన్నయ్య కష్టం తీరదు. ఇప్పుడు ఎర్రగా వస్తున్న మొహాలు అప్పుడు పాలిపోయి వస్తాయి. నేను విజయనగరంలో ఆల్బమ్ డిజైన్, కలర్ కరెక్షన్ చేస్తాను, చుట్టుపక్కల స్టూడియోలకి సిస్టమ్‌లు కూడా సెట్ చేస్తుంటాను. ఈ సమస్య తరచూ నా దగ్గరికి వస్తుంది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ఎడిటింగ్‌లో తెర మీద చూసిందే కాగితం మీద పడాలి. ఆటలో ఎదుటివాడు మూల తిరిగిన క్షణానికే నీకు కనబడాలి, కదిలేటప్పుడు మసకబారకూడదు. రంగు తప్పితే ఆల్బమ్ మళ్లీ ప్రింట్ చేయించాలి, ఆ ఖర్చు మీదే, ఊళ్లో పేరు పోవడం అదనం. వేగం కాస్త తగ్గితే ఒక రౌండ్ పోతుంది. అందుకని రంగు దగ్గర రాజీ పడకుండా, ఆ పైన వేగం ఎంత దొరికితే అంత తీసుకోండి. ఆడేవాడివి నువ్వు కనుక ఇది కొంచెం కష్టంగా అనిపించొచ్చు. కింద లెక్క చూశాక నువ్వు వదులుకునేది చాలా తక్కువని నీకే తెలుస్తుంది.

ముందు ఆ ఎర్ర మొహాల సంగతి. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన రంగుల ప్రమాణం. ఆల్బమ్ ల్యాబ్‌లు మామూలుగా జేపెగ్ ఫైళ్లని ఇందులోనే అడుగుతాయి. చవక మానిటర్లు, ల్యాప్‌టాప్ తెరలు చాలావాటి వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటుంది, అది రంగుల పరిధికి ఇంకో పాత కొలత. అంటే ఎస్‌ఆర్‌జీబీలో అవి చూపించేది 60 శాతం పైచిలుకే. మీ పాత మానిటర్ మోడల్ నువ్వు చెప్పలేదు గానీ, లక్షణం చూస్తే ఆ జాతిదే అనిపిస్తోంది. అలాంటి తెర మీద పట్టుచీర వెలిసిపోయినట్టు, పెళ్లికూతురి మొహం నీరసంగా కనిపిస్తుంది. చేసేవాడు సహజంగానే శాచురేషన్ (రంగుల గాఢత) పెంచుతాడు, ఇంకాస్త ఎరుపు కలుపుతాడు. తెర మీద చక్కగా కుదురుతుంది, ఫైల్‌లో మాత్రం ఎరుపు హద్దు దాటిపోయి ఉంటుంది. ల్యాబ్‌లో మిషన్‌కి ఫైలే తెలుసు, మీ తెర తెలియదు. పసుపు రాసిన మొహం ఇటుక రంగులోకి పోతుంది. ఎర్ర చీరలో మడతలు, నేతలోని బుటాలు కలిసిపోయి ఒకే ముద్దలా పడతాయి. మీ అన్నయ్య చేతిలో తప్పేమీ లేదు, ఆయన కంటికి అందిన సమాచారమే తప్పు.

ఇప్పుడు గేమింగ్ మానిటర్ సంగతి. డబ్బా మీద డీసీఐ-పీ3 95 శాతం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది డిజిటల్ సినిమా కోసం వచ్చిన పరిధి. ఎస్‌ఆర్‌జీబీ కన్నా విశాలం, ముఖ్యంగా ఎరుపులో, ఆకుపచ్చలో. విశాలమైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న ఫొటోని ఆ తెర హద్దు లేకుండా సాగదీసి చూపిస్తే, ఉన్న ఎరుపు కన్నా ఎక్కువ ఎరుపు కనిపిస్తుంది. మీ అన్నయ్య ఈసారి ఎరుపు తగ్గిస్తాడు, ప్రింట్ పాలిపోతుంది. ఫొటోషాప్‌లో ఆ మానిటర్‌కి సరైన ప్రొఫైల్ (తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైలు) పెట్టి ఉంటే అది లెక్క సరిచేసి చూపిస్తుంది. విండోస్‌లో ఫోల్డర్ తెరిచి చూసే చిన్న బొమ్మలు, కొన్ని ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఆ లెక్క పట్టించుకోవు. అప్పుడు ఒకే ఫొటో ఒక్కోచోట ఒక్కోలా కనిపించి దేన్ని నమ్మాలో తెలియదు.

అందుకే కొనేముందు మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందా, ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ మార్చుకోనిస్తుందా అన్నవి చూడాలి. రెండోది చాలామంది అడగరు. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ ఒకచోట తాళం పడిపోతుంది, అది కూడా ఎక్కువ వెలుగులో. అలాంటిది ప్రింట్ పనికి పనికిరాదు.

బ్రైట్‌నెస్ ఎందుకంత ముఖ్యమంటే, ప్రింట్లు చీకటిగా రావడానికి చాలాసార్లు అదే కారణం. మామూలు ఐపీఎస్ (ఒక రకం ప్యానెల్, కింద చెబుతాను) మానిటర్ పూర్తి బ్రైట్‌నెస్‌లో 250 నుంచి 350 నిట్‌ల దాకా ఇస్తుంది, నిట్ అంటే తెర వెలుగుకి కొలత. కాగితం తనంతట తాను వెలగదు, గదిలో పడ్డ వెలుతురులో కొంత తిప్పికొడుతుంది, అంతే. ప్రింట్ పనికి తెర 80 నుంచి 120 నిట్‌ల మధ్య ఉండాలి. 100 దగ్గర పెట్టుకుంటే చాలు. మూడింతల వెలుగులో చూస్తూ నీడలు సరిచేస్తే, తెర మీద కనిపించిన జుట్టు, నల్ల సూటు, మండపం వెనక చీకట్లో కూర్చున్న బంధువులు కాగితం మీద మాయమైపోతారు. కొత్త మానిటర్ వచ్చేలోపే పాతదాని బ్రైట్‌నెస్ సగానికి పైగా తగ్గించి ఒక షీట్ చేసి చూడమను. ఎర్రదనం పోదు, చీకటి మాత్రం తప్పకుండా తగ్గుతుంది.

తెలుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొందూరు ఖద్దరు పంచె కట్టుకున్న పెద్దాయన ఫొటో మీ స్టూడియోలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ బట్ట సున్నంలా తెల్లగా ఉండదు, కాస్త మీగడ రంగు తిరిగి ఉంటుంది. గేమింగ్ మానిటర్లు చాలావరకు మొదటి సెట్టింగ్‌లో నీలం వైపు మొగ్గుతాయి, ఆ పంచె నీలిమందు పెట్టి ఉతికినట్టు కనిపిస్తుంది. కలర్ టెంపరేచర్‌ని 6500 కెల్విన్‌కి తెచ్చి, గామా (నడిమి రంగుల వెలుగుని నిర్ణయించే సెట్టింగ్) 2.2 దగ్గర పెడితే మీగడ రంగు తిరిగొస్తుంది. సగం స్టూడియోలకి ఈ రెండు అంకెలు సరిచేస్తేనే తేడా కనబడుతుంది.

ఇక నీ సంగతికి వస్తాను. 60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి బొమ్మ మారుస్తుంది. 144 అయితే 6.9 మిల్లీసెకన్లు, 180 అయితే 5.6, 240 అయితే 4.2, 360 అయితే 2.8. అంటే 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. ఆ తేడా ఎవరికైనా మొదటి రోజే తెలుస్తుంది, మౌస్ తిప్పగానే తెలుస్తుంది. 180 నుంచి 240కి వెళ్తే కలిసొచ్చేది 1.4 మాత్రమే. టోర్నమెంట్‌లు ఆడేవాళ్లకి అది కూడా కావాలి, కాదనను. నీకు మాత్రం ముందు చూసుకోవలసినవి వేరే ఉన్నాయి. ముంబై సర్వర్‌కి నీ పింగ్, అంటే అక్కడికి వెళ్లి తిరిగొచ్చే సమయం, ఎంతో ఆటలోనే చూపిస్తుంది. వైఫైలో అది ఒక్కసారిగా 15, 20 మిల్లీసెకన్లు ఎగిరిపడుతుంటే, 1.4 కోసం వేలు పోయడం కన్నా రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగడం మంచిది.

ఇంకో లెక్క, కార్డు అన్ని ఫ్రేమ్‌లు ఇవ్వాలి. వాలరెంట్ తేలికైన ఆట, మీ కంప్యూటర్ 180 హెర్ట్జ్ తెరని నింపగలదు. కౌంటర్ స్ట్రైక్ 2 అంత తేలిక కాదు, పొగ బాంబులు పడ్డప్పుడు ఫ్రేమ్‌లు పడిపోతాయి. అక్కడ ఫ్రీసింక్ అక్కరకొస్తుంది, తెర తన వేగాన్ని కార్డుకి తగ్గట్టు మార్చుకుంటుంది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి. కాబట్టి ఎన్‌విడియా సొంత పద్ధతి జీ-సింక్ అని ప్రత్యేకంగా ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

రెస్పాన్స్ టైమ్ (పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం) 1 మిల్లీసెకను అని డబ్బా మీద రాసేదాన్ని చూసి ఎప్పుడూ కొనొద్దు. ఒక కంపెనీ ఒక బూడిద రంగు నుంచి ఇంకో బూడిద రంగుకి మారే సమయం చెబుతుంది, ఇంకోటి వెనక లైటుని టపటపా కొట్టించి కొలిచినది చెబుతుంది. ఆ రెండో పద్ధతిలో తెర వెలుగు తగ్గిపోతుంది, పైగా చాలా మానిటర్లలో అప్పుడు ఫ్రీసింక్ పనిచేయదు. మొదటి పద్ధతిలో కూడా ఓవర్‌డ్రైవ్‌ని (పిక్సెల్స్ త్వరగా మారేలా తోసే సెట్టింగ్) చివరిదాకా పెడితేనే ఆ అంకె వస్తుంది, అప్పుడు కదిలే బొమ్మ వెనక తెల్లటి నీడ పడుతుంది. ఓవర్‌డ్రైవ్ మధ్య మెట్టులో ఉంచుకుని ఆడు.

ప్యానెల్, అంటే బొమ్మ చూపించే తెర పలక, ముఖ్యంగా మూడు రకాలు: ఐపీఎస్, వీఏ, టీఎన్. నా సలహా ఐపీఎస్, వేరేది వద్దు. వీఏ ప్యానెల్‌కి నలుపు చాలా బాగుంటుంది, కాంట్రాస్ట్ 3000కి 1 దాకా వస్తుంది, ఐపీఎస్‌లో అది 1000కి 1 దగ్గరే ఉంటుంది. సినిమాలు చూడ్డానికి మంచిదే. కానీ చవక వీఏల్లో ముదురు రంగులు మారడం నెమ్మది, చీకటి మూలల్లో కదిలేవాడి వెనక మరక సాగినట్టు ఉంటుంది. పైగా తల కొంచెం పక్కకి జరిపితే నల్ల సూటులో వివరాలు మారిపోతాయి. నీకూ కష్టమే, మీ అన్నయ్యకీ కష్టమే. టీఎన్ ప్యానెల్ వేగానిది, రంగుది కాదు. పోటీల కోసమే చేసిన బెన్‌క్యూ జోవీ ఎక్స్‌ఎల్2546కె చూడు, 24.5 అంగుళాలు, 240 హెర్ట్జ్, టీఎన్ ప్యానెల్. ఆట కోసమే బతికేవాళ్లకి గొప్ప తెర, దాని మీద ఆల్బమ్ మాత్రం చేయకూడదు. అటువైపు ఏసుస్ ప్రోఆర్ట్ పీఏ278క్యూవీ చూడు, 27 అంగుళాలు, ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం, ఫ్యాక్టరీలోనే రంగు సరిచేసి పంపుతారు, వేగం 75 హెర్ట్జ్ మాత్రమే. ఈ రెండిటి మధ్యలో మీకు కావలసింది ఉంది. ఓఎల్ఈడీ రెండిటికీ బాగుంటుంది గానీ ఈ డబ్బుకి రాదు. పైగా ఫొటోషాప్ టూల్స్ పట్టీ పగలంతా ఒకేచోట నిలబడి ఉంటే కొన్నాళ్లకి దాని ముద్ర పడే ప్రమాదం ఉంది.

సైజు, రిజల్యూషన్. పోటీ ఆటగాళ్లు 24, 25 అంగుళాలు ఇష్టపడతారు, తల తిప్పకుండా తెరంతా కంటికి అందుతుందని. ఆల్బమ్ పనికి అది ఇరుకు. 12×36 అంగుళాల షీట్‌ని 300 డీపీఐలో (అంగుళానికి 300 పిక్సెల్స్) చేస్తే వెడల్పు 10,800 పిక్సెల్స్. 1080 (1920×1080 పిక్సెల్స్) మానిటర్‌లో ఆ షీట్ మొత్తం కనబడాలంటే 18 శాతం కన్నా తక్కువకి కుదించాలి, అంత చిన్నదాంట్లో ఎవరి కళ్లు మూసుకున్నాయో కూడా తెలియదు. 1440 (2560×1440) మానిటర్‌లో దాదాపు 24 శాతం, 4కేలో (3840×2160) 35 శాతం పైన. 4కే చూడ్డానికి హాయిగానే ఉంటుంది, కానీ ఈ డబ్బుకి దొరికేవి దాదాపుగా 60 హెర్ట్జ్‌వే, నీ ఆటకి అన్యాయం. ఇక 27 అంగుళాల్లో 1080 అసలు తీసుకోవద్దు. అంగుళానికి 82 పిక్సెల్సే ఉంటాయి, అక్షరాల అంచులు గరుగ్గా కనబడతాయి. అదే 27లో 1440 అయితే 109.

కాబట్టి నా మాట ఇదీ: 27 అంగుళాలు, 2560×1440, ఐపీఎస్, 165 లేదా 180 హెర్ట్జ్, బ్రైట్‌నెస్ మార్చుకోనిచ్చే ఎస్‌ఆర్‌జీబీ మోడ్, 8 బిట్ (ఒక్కో మూలరంగుకి 256 మెట్లు) ప్యానెల్, ఎత్తు సరిచేసుకునే స్టాండ్. పేరున్న కంపెనీలన్నిటికీ ఈ తరహావి ఉన్నాయి, 25 వేలలోపే వెతుక్కోవచ్చు. 240 కోసం ఇంకో ఐదారు వేలు కలపొద్దు, ఆ డబ్బుకి వేరే పని ఉంది, చెబుతాను. హెచ్‌డీఆర్ 400 అన్న ముద్ర చూసి కూడా డబ్బు పెంచొద్దు. ఆ స్థాయికి వెనక లైటుని భాగాలుగా తగ్గించే ఏర్పాటు ఉండాలన్న నిబంధనే లేదు, ఆన్ చేస్తే రంగు ఇంకా గందరగోళం అవుతుంది. ఎడిటింగ్‌కీ వద్దు, నీ ఆటకీ వద్దు. 1.67 కోట్ల రంగులు అని షాపులో చెప్పేది కూడా అంతే. అది ఎన్ని మెట్లున్నాయో చెబుతుంది, ఎంత దూరం వెళ్తుందో చెప్పదు. ఎస్‌ఆర్‌జీబీలో 60 శాతం చూపించే తెర మీద కూడా అదే అంకె రాసి ఉంటుంది.

కొనడానికి విశాఖ ద్వారకానగర్ వెళ్లినా, ఊళ్లో తెప్పించుకున్నా, పెన్‌డ్రైవ్‌లో మీ సొంత ఫైళ్లు పట్టుకెళ్లండి. షాపులో నడిచే డెమో వీడియో ఏ తెర మీదైనా అందంగానే ఉంటుంది. మీరు మెచ్చిన ఒక ప్రింట్, దాని ఫైలు, తెరంతా ఒకే బూడిద రంగు ఉన్న ఒక ఫైలు, పూర్తి నలుపుది ఒకటి చాలు. బూడిద రంగులో ఒక మూల పసుపుగానో గులాబీగానో ఉంటే వదిలేయండి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఆల్బమ్‌లలో అది రోజూ ఏడిపిస్తుంది. నలుపులో మూలల దగ్గర కాస్త వెలుగు ఐపీఎస్‌లో మామూలే, పెద్ద మచ్చలా ఉంటేనే అభ్యంతరం చెప్పండి. ఆన్‌లైన్‌లో అయితే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, రిటర్న్ గడువు లోపలే ఈ పరీక్షలన్నీ చేసేయండి. ఇంటికొచ్చి సర్వీస్ ఇస్తామన్న కంపెనీ మీ పిన్‌కోడ్‌కి ఇస్తుందో లేదో ముందే అడగండి. విశాఖ దాకా 27 అంగుళాల తెర బస్సులో మోసుకెళ్లడం తేలిక కాదు. స్టూడియోకి జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లు ఆ పేరు మీదే తీసుకోండి.

ఇంటికొచ్చాక డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తోనే కలపండి. పాతకాలం హెచ్‌డీఎంఐ తీగతో 1440లో 180 రాదు. తర్వాత విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరిచి రిఫ్రెష్ రేట్ నువ్వే 180కి మార్చాలి. కొత్త మానిటర్ కొని నెలల తరబడి 60లోనే ఆడుతున్న పిల్లల్ని చూశాను, పాపం తెలియక.

మానిటర్ మెనూలో రెండు ప్రీసెట్‌లు చేసుకోండి. ఒకటి అన్నయ్యది: ఎస్‌ఆర్‌జీబీ మోడ్, బ్రైట్‌నెస్ తక్కువ, డైనమిక్ కాంట్రాస్ట్ ఆఫ్, కళ్లకి మంచిదని చెప్పే పసుపు మోడ్ ఆఫ్. విండోస్‌లో నైట్ లైట్ కూడా ఆఫ్. రెండోది నీది: బ్రైట్‌నెస్ నీ ఇష్టం, చీకటి మూలలు తేల్చి చూపించే బ్లాక్ ఈక్వలైజర్ నీ ఇష్టం. ఆట అయిపోయాక మొదటి ప్రీసెట్‌కి మార్చాకే లేవాలి, ఇది ఇంట్లో నియమంగా పెట్టుకోండి. నీ ఆట ప్రీసెట్‌లో పొద్దున్న అన్నయ్య ఒక్క ఆల్బమ్ చేశాడంటే పెట్టిన డబ్బంతా వృథా. కొన్న మానిటర్ ఎస్‌ఆర్‌జీబీ మోడ్ సరిగ్గా లేకపోతే, ఎన్‌విడియా కార్డులకి నోవిడియో ఎస్‌ఆర్‌జీబీ అని ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, అది కార్డు దగ్గరే హద్దు వేస్తుంది.

మిగిలిన డబ్బు సంగతి. మొదటిది టెస్ట్ ప్రింట్. మీరు ఎప్పుడూ ఇచ్చే ల్యాబ్‌కి ఒక షీట్ పంపండి. అందులో చామనఛాయ మొహం ఒకటి, తెల్లటి మొహం ఒకటి, ఎర్ర పట్టుచీర, పసుపు, నల్ల సూటు, ఖద్దరు తెలుపు, బూడిద రంగు మెట్లు ఉండాలి. కలర్ కరెక్షన్ ఏమీ చేయొద్దని ల్యాబ్‌వాళ్లకి గట్టిగా చెప్పండి, లేకపోతే వాళ్ల ఆపరేటర్ మంచి మనసుతో సరిచేసేస్తాడు, పరీక్ష పోతుంది. వచ్చిన ప్రింట్‌ని పగటిపూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట పట్టుకుని, తెరతో పోల్చి బ్రైట్‌నెస్ తేల్చుకోండి. ఆ షీట్‌ని టేబుల్ దగ్గరే ఉంచండి. ల్యాబ్ తన ఐసీసీ ప్రొఫైల్ ఇస్తే ఫొటోషాప్‌లో ప్రూఫ్ కలర్స్ పెట్టుకుని పనిచేయండి, కాగితం మీద ఏ రంగు చచ్చిపోతుందో ముందే కనిపిస్తుంది.

రంగు కొలిచే పరికరం, అదే స్పైడర్ గానీ కాలిబ్రైట్ గానీ, ఒక్క స్టూడియోకి బరువైన ఖర్చు. ఊళ్లో నాలుగైదు స్టూడియోలవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుని వంతులవారీగా వాడుకోవచ్చు. నెలా రెండు నెలలకి ఒకసారి ఒక గంట చాలు. మీ ఫొటోగ్రాఫర్ల అసోసియేషన్‌లో ఈ మాట ఎత్తమని మీ అన్నయ్యకి చెప్పు. జిల్లాలో ఇది రావాలని నాకు చాలా ఉంది. కెమెరాకి లక్షలు పెట్టే మనవాళ్లు ఆ ఫొటో చూసే తెర దగ్గరికొచ్చేసరికి ఆగిపోతున్నారు.

గది కూడా చూసుకోండి. తెర వెనక కిటికీ ఉండకూడదు, తెర మీద ఎండ పడకూడదు. గులాబీ, ఆకుపచ్చ గోడల వెలుగు కంటిని మోసం చేస్తుంది, టేబుల్ చుట్టూ ఉన్న గోడకైనా బూడిద రంగో తెలుపో వేయించండి. రంగు పనిచేసేటప్పుడు పసుపు బల్బు కాకుండా తెల్ల ట్యూబ్ వెలగాలి.

చివరగా కరెంటు. అక్టోబరు, నవంబరు తుపానుల్లో మన దగ్గర వోల్టేజి ఎలా ఆడుతుందో నీకు చెప్పక్కర్లేదు, 2018లో తిత్లీ వచ్చినప్పుడు చూసే ఉంటావు. మానిటర్ తాగేది 30, 40 వాట్లే. కానీ 3060 ఉన్న కంప్యూటర్ ఆటలో సుమారు 300 వాట్ల దాకా లాగుతుంది. 600 వీఏ (ఇక్కడ వీఏ అంటే వోల్ట్-ఆంపియర్, ప్యానెల్ కాదు) యూపీఎస్ అంటే మామూలుగా 360 వాట్లే, అంచు మీద నడుస్తుంది. పాతది అదే అయితే 1000 వీఏ దగ్గరది తీసుకుని మానిటర్‌నీ దానికే తగిలించండి. 240 హెర్ట్జ్‌కి పెట్టొద్దన్న డబ్బు ఇక్కడ పెట్టండి. మోడళ్లు రెండు మూడు ఎంచుకున్నాక వాటి పేర్లు, మీ పాత యూపీఎస్ మీద రాసి ఉన్న అంకె ఇక్కడ రాయి. ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో దేనికి తాళం పడుతుందో చూసి చెబుతాను.